దమ్ము పట్టేవాడు లేని డుడుక్

డుడుక్ గురించి ఈమధ్య ఏ వ్యాసం చదివినా ఒకేలా ముగుస్తోంది. ఆర్మేనియా వాళ్ళ ప్రాచీన వాద్యం, ఖుబానీ చెట్టు కర్రతో చేస్తారు, గుండె పిండేసే నాదం, 2005లో యునెస్కో గుర్తించింది, 2008లో వారసత్వ జాబితాకెక్కింది, కాబట్టి ఇక భయం లేదు. పైగా ఇప్పుడు ఏ రికార్డింగ్ స్టూడియోకి వెళ్ళినా కీబోర్డులో డుడుక్ శబ్దం సిద్ధంగా ఉంటుంది. మీట నొక్కితే ఎడారి, యుద్ధం, తల్లి కన్నీళ్ళు. ఒక జానపద వాద్యానికి ఇంతకన్నా ఏం కావాలని అడిగేవాళ్ళూ ఉన్నారు.

నాకు ఆ ముగింపుతోనే పేచీ. భద్రంగా ఉన్నది సగమే. డుడుక్ ఇద్దరు కలిసి వాయించే వాద్యం. ఇద్దరిలో పాట వాయించేవాడికి పేరొచ్చింది, సినిమాలొచ్చాయి, జాబితా వచ్చింది. పక్కన కూర్చునే రెండోవాడు మెల్లగా కనబడకుండా పోతున్నాడు. ఆర్మేనియా జానపద సంగీతాన్ని కాపాడటమంటే ముందు ఆ రెండోవాణ్ణి కాపాడటమని నా వాదన. వాద్యానికే కాదు, వాళ్ళ పాటకూ ఆటకూ ఇదే వర్తిస్తుందనుకుంటున్నాను.

ఊపిరి లాగేవాడు

ఇద్దరి చేతుల్లోనూ ఉండేది అదే డుడుక్. ఒకరు పాట వాయిస్తారు. రెండోవారు ఒక్క స్వరాన్ని తెగకుండా పట్టి ఉంచుతారు. ఆ స్వరం పేరు దమ్, పట్టేవాడు దమ్‌కష్. మాట పారసీ నుంచి వచ్చింది. దమ్ అంటే ఊపిరి, కష్ అంటే లాగడం. దమ్ బిర్యానీలో ఉన్న దమ్ ఇదే. మనం "దమ్ము లాగడం" అంటామే, అక్షరాలా దమ్‌కష్ అంటే అదే, చుట్ట బదులు చేతిలో డుడుక్.

చూసేవాళ్ళకు ఇది తేలిక పని అనిపిస్తుంది, వేళ్ళు కదలవు కాబట్టి. కష్టమంతా ఊపిరిలో ఉంది. బుగ్గల్లో గాలి నింపుకుని, ఆ గాలిని బుగ్గలతోనే పీకలోకి, అంటే వాద్యం కొసన నోట్లో పెట్టుకునే రెల్లు ముక్కలోకి, నెడుతూ, అదే క్షణంలో ముక్కుతో కొత్త గాలి పీల్చుకోవాలి. ఊపిరితిత్తుల గాలి నుంచి బుగ్గల గాలికి మారే చోట ఒత్తిడి తగ్గితే స్వరం కిందికి జారుతుంది. డుడుక్ పీక వెడల్పు, మెత్తన. పెదవి పట్టు కొంచెం మారినా స్వరం అరమెట్టు అటూ ఇటూ పోతుంది. అందుకే కొత్తగా నేర్చుకునేవాడి దమ్ ప్రతి ఊపిరికీ ఒకసారి వణుకుతుంది. ఆ వణుకు పోవడానికి ఏళ్ళు పడుతుంది.

ఆ ఏళ్ళే అసలు బడి. శిష్యుడు గురువు పక్కన దమ్‌కష్‌గా కూర్చుంటాడు. వేళ్ళకు పని లేదు, చెవులకు చేతినిండా పని. గురువు ఏ స్వరం దగ్గర ఆగుతున్నాడు, ఎక్కడ నుంచి ఎక్కడికి మళ్ళుతున్నాడు, ఒకే పాటను పెళ్ళిలో ఎలా, చావింట్లో ఎలా వాయిస్తున్నాడు అన్నది పట్టి ఉంచిన స్వరం మీద నుంచి వింటూ నేర్చుకుంటాడు. పాఠం అని వేరే ఉండదు. ఇప్పుడు నేర్చుకునేవాళ్ళకు ఇంటర్నెట్‌లో రికార్డు చేసిన దమ్ దొరుకుతోంది, ఏ శ్రుతి కావాలంటే ఆ శ్రుతిలో. ఒంటరి సాధనకు అది మంచిదే. కానీ దానితో పాట వాయించడం వస్తుందేమో గాని, ఆ బడి మూతపడుతుంది.

శ్రుతి పెట్టె ఎందుకు చాలదు

ఇక్కడ మన నాదస్వరం గుర్తుకు రావడం సహజం. మేళంలో ఒత్తు పట్టేవాడు ఉండేవాడు, అతనిదీ ఇదే ఊపిరి విద్య. ఎలక్ట్రానిక్ శ్రుతి పెట్టె వచ్చి అతన్ని ఇంటికి పంపింది. దానివల్ల నాదస్వరం చచ్చిపోలేదు కదా, డుడుక్ మాత్రం ఎందుకు చస్తుంది? ఈ ప్రశ్న న్యాయమైనదే. దీనికి జవాబు స్వరాల అమరికలో ఉంది.

మన సంగీతంలో షడ్జం కదలదు. కచేరీ మొదటి నుంచి చివరి దాకా ఆధార షడ్జం ఒక్కటే, కాబట్టి పెట్టె ఆ పని చేయగలదు. ఆర్మేనియా రైతు పాటల్ని సేకరించి పరిశీలించిన సంగీతకారుడు కొమితాస్ చెప్పిన సూత్రం వేరు. అక్కడ రాగం నాలుగేసి స్వరాల ముక్కలతో గొలుసులా సాగుతుంది, ఒక ముక్క చివరి స్వరమే తరువాతి ముక్కకు మొదటి స్వరం. మన స్వరాల్లో చెప్పుకుంటే, స రి గ మ ఒక ముక్క, గాంధారం అంతర గాంధారం. ఆ మధ్యమం మీదే రెండో ముక్క మొదలవుతుంది, మ ప ద ని, అదే దూరాలతో, కాబట్టి నిషాదం కైశికి అవుతుంది. ఇంతవరకూ హరికాంభోజి అనుకోవచ్చు. మూడో ముక్క ఆ నిషాదం మీద లేస్తుంది, ని స రి గ. ఇప్పుడు అదే దూరాలు పాటిస్తే తారస్థాయి గాంధారం సాధారణ గాంధారమే అవ్వాలి. కింద ఒక గాంధారం, పైన ఇంకొకటి. స్థాయి మారితే స్వరాలు యథాతథంగా తిరిగి రావాలనే నియమం ఈ పద్ధతికి లేదు.

దీన్ని షడ్జం మీద బిగించిన పెట్టెతో వాయిస్తే పై ముక్కలో గాంధారం తప్పుపడినట్టు వినిపిస్తుంది. తప్పు స్వరానిది కాదు, ఆధారానిది. రాగం ఆగే చోటు మారినప్పుడు దమ్ కూడా కదలాలి. ఎప్పుడు కదలాలి, ఏ స్వరానికి, తెగి కదలాలా జారి కదలాలా అన్నది దమ్‌కష్ నిర్ణయం. అతను శ్రుతి పెట్టె చేసే పని చేయడం లేదు, రాగం ఎటు పోతోందో చెబుతున్నాడు.

సినిమా సంగీతం చేసిన నష్టం ఇంకా పెద్దది. అక్కడ దమ్ స్థానంలో తీగ వాద్యాల కార్డు, అంటే ఒకేసారి మోగే స్వరాల గుత్తి, పరుస్తారు. కార్డులో గాంధారం ఉంటుంది. గాంధారం ఏదో ముందే తేల్చేశాక పాట వాయించేవాడికి మిగిలేది నెమ్మదిగా ఏడవడం ఒక్కటే. డుడుక్ అంటే ఏడుపు వాద్యమన్న పేరు ఇలా స్థిరపడింది. ధోల్ దరువుకు పెళ్ళిలో నాట్యం ఆడించే డుడుక్‌ని వినని వాళ్ళు దాన్ని సగం కూడా వినలేదని అంటాను.

పీక, కర్ర, నీళ్ళు

డుడుక్ గొట్టం మామూలుగా ముప్పై అయిదు సెంటీమీటర్లు కూడా ఉండదు, కొన్ని 28 సెం.మీ., పెద్దవి 40 దాకా. ఇంత చిన్న గొట్టానికి అంత మంద్ర నాదం ఎలా వస్తుంది? లోపలి రంధ్రం ఈ కొస నుంచి ఆ కొస దాకా ఒకే వ్యాసం. ఒక వైపు పీకతో మూసుకున్నట్టుండే ఇలాంటి సమ గొట్టం, సన్నగా మొదలై వెడల్పయ్యే గొట్టం కన్నా ఒక స్థాయి కిందికి పలుకుతుంది, క్లారినెట్‌లాగా. అక్కడి మరో ఊదే వాద్యం జుర్నాదీ మన నాదస్వరానిదీ వెడల్పయ్యే గొట్టం. అందుకే జుర్నా ఆరుబయట ఊరంతా వినబడుతుంది. డుడుక్ గదిలో మనిషి గొంతులా ఉంటుంది, పలికే పరిధి కూడా స్థాయికి కాస్త పైన. మిగతా స్వరాలన్నీ రంధ్రాల్ని సగం మూసీ పెదవితో వంచీ రాబట్టుకోవాలి.

పీకను రెల్లు గొట్టంతోనే చేస్తారు, సుమారు పది సెంటీమీటర్ల ముక్క. ఒక కొస గుండ్రంగానే ఉంచి, దారం చుట్టి డుడుక్‌లో దింపుతారు. రెండో కొసను గీకి, తడిపి, వేడితో మెత్తబరిచి, చప్పటగా అణుస్తారు. నడుముకి ఒక పట్టీ. వాడనప్పుడు కొసకి తొడుగు. ఆరక్స్ నది ఒడ్డున పెరిగే రెల్లుకి పేరు. ఆ నది చాలా దూరం తుర్కియే, ఇరాన్‌లతో సరిహద్దు కూడా.

కొత్తగా కొనుక్కున్నవాళ్ళు మొదటి రోజే చేసే పొరపాటు పొడి పీకను ఊదడం. నోరు మూసుకున్న పీక పలకదు. బలంగా ఊదుతారు, పలకదు. వేళ్ళతో పక్కల నొక్కి తెరవబోతారు, అంచు చీలుతుంది, పీక పని అయిపోతుంది. పద్ధతేమిటంటే, లోపల కొన్ని నీటి చుక్కలు వేసి, ఆడించి, దులిపేసి, తొడుగు లేకుండా పది పదిహేను నిమిషాలు నిలబెట్టాలి. నోరు దానంతటదే రెండు మూడు మిల్లీమీటర్లు తెరుచుకుంటుంది. మరీ తెరుచుకుంటే శ్రుతి పడిపోయి గాలి చప్పుడు వస్తుంది, అప్పుడు కాసేపు తొడుగు పెట్టాలి. తక్కువ తెరుచుకుంటే నాదం సన్నబడి శ్రుతి పెరుగుతుంది. పట్టీని కొస వైపు జరిపితే నోరు ముడుచుకుని శ్రుతి కొంచెం పైకి, వెనక్కి జరిపితే కిందికి. ఇద్దరు వాయించేటప్పుడు రెండు పీకలూ ఒకే తడిలో ఉండాలి. ఒకటి ఆరుతూ ఇంకొకటి నానుతూ ఉంటే పాట మధ్యలో శ్రుతి విడిపోతుంది. అప్పుడు సర్దుకునేది పాట వాయించేవాడు కాదు, దమ్‌కష్.

ఖుబానీ కర్ర గురించి అందరూ రాస్తారు. ఆర్మేనియన్ భాషలో వాద్యం పేరే త్సిరానపోఘ్, అంటే ఖుబానీ గొట్టం. కర్ర ముఖ్యమే, కాదనను. కానీ కర్ర గురించి పది పేజీలు, పీక చేసేవాళ్ళ గురించి ఒక వాక్యం రాసే పద్ధతిలోనే ఏదో తేడా ఉంది. కర్ర ఒకసారి కొంటే ఏళ్ళకేళ్ళు వస్తుంది. పీకలు మాత్రం ఎప్పటికప్పుడు కావాలి, ఏ రెండూ ఒకేలా ఉండవు, గొట్టానికి తగిన పీక దొరక్కపోతే ఎంత మంచి డుడుకైనా అపశ్రుతే.

సోలో కళాకారుల వైపు నుంచి

ఈ వాదనకు గట్టి ఎదురు వాదన ఉంది. డుడుక్ విద్వాంసుడు జివాన్ గాస్పార్యన్ లేకపోతే ఆర్మేనియా బయట ఈ వాద్యం పేరు ఎవరికి తెలిసేది? 1928లో పుట్టి 2021లో పోయిన ఆయన దాన్ని ప్రపంచ వేదికలెక్కించాడు. సోవియట్ కాలంలో రేడియోలో జానపద వాద్య బృందం ఉండేది, 1938లో తాతుల్ అల్తున్యన్ రాష్ట్ర గాన నృత్య బృందం పెట్టాడు. వాద్యకారులకు నెల జీతం వచ్చింది. సంగీత కళాశాలల్లో డుడుక్ పాఠ్యాంశమైంది. జీతం లేని కళ ఎన్నాళ్ళు బతుకుతుంది? ఈ మాట అన్నవాళ్ళను తేలిగ్గా కొట్టిపారేయలేను.

అయితే ఆ జీతంతో పాటు ఇంకొకటి కూడా వచ్చింది. ఆర్కెస్ట్రాలో అన్ని వాద్యాలూ కలవాలంటే శ్రుతులు యూరపు పద్ధతిలో సరిచేయాలి. 1920ల్లోనే వర్దన్ బూని జానపద వాద్యాల్ని చిన్నా పెద్దా పరిమాణాల్లో కుటుంబాలుగా తయారు చేయించి సింఫనీ తరహా బృందం కట్టాడు. శ్రమ గొప్పదే. కానీ నాలుగు పరిమాణాల డుడుక్‌లు నాలుగు భాగాలు వాయిస్తుంటే దమ్‌కి చోటెక్కడ? హార్మనీ, అంటే వేర్వేరు స్వరాల్ని కలిపి ఒకేసారి మోగించే పద్ధతి, వచ్చాక దమ్ అడుగున మోగే బేస్ భాగమైంది, రాతలో ఉన్నప్పుడు కదులుతుంది, వినికిడితో కాదు.

గాస్పార్యన్ విషయంలో నా మాట వేరు. ఆయన రికార్డుల్లో దమ్ ఉంది, బ్రహ్మాండంగా ఉంది. ఆయన వెనక వచ్చిన సినిమా వాళ్ళు ఆ ఒక్క నాదాన్నే కోసుకుని వెళ్ళారు. ఆ తప్పు ఆయన మీద వేయడం అన్యాయం.

జాబితాల గురించి కూడా ఒక మాట. ఇదే వాద్యం అజర్‌బైజాన్‌లో బాలాబాన్, తుర్కియేలో మెయ్, జార్జియాలో దుదూకి. 2005లో ఆర్మేనియా పేరున డుడుక్ గుర్తింపు పొందితే, 2023లో అజర్‌బైజాన్, తుర్కియే కలిసి బాలాబాన్, మెయ్‌లను జాబితాకెక్కించాయి. బాలాబాన్ వాళ్ళకూ దమ్ పట్టేవాడున్నాడు. వాద్యం ఎవరిదన్న తగాదాలో ఇద్దరూ పోగొట్టుకుంటున్న ఉమ్మడి సొత్తు ఎవరి జాబితాలోనూ కనబడదు.

కొమితాస్ దగ్గర ఆగాల్సిన చోటు

పాటల సంగతికి వస్తే కథ కొమితాస్ దగ్గరే మొదలవుతుంది. 1869లో ఇప్పటి తుర్కియేలోని కుతాహ్యాలో పుట్టాడు, చిన్నప్పుడే తల్లిదండ్రులు పోయారు. 1881లో ఎచ్మియాద్జిన్ మఠానికి అనాథగా చేరినప్పుడు అతనికి ఆర్మేనియన్ మాట్లాడటం రాదు, ఇంట్లో మాట్లాడేది తుర్కీ భాషే. ప్రధాన మతగురువు ముందు ఆర్మేనియన్ కీర్తనను అర్థం తెలియకుండానే పాడాడు, గొంతు విని చేర్చుకున్నారు. ఆర్మేనియన్ సంగీతంలో కలిసినదంతా ఏరి పారేసి "శుద్ధమైనది" మిగల్చాలనే వాళ్ళు కొమితాస్ పేరే అడ్డం పెట్టుకుంటారు. ఆయనేమో తన తల్లిదండ్రులు కట్టిన తుర్కీ పాటల్నీ రాసిపెట్టుకున్నాడు, కుర్దుల పాటలూ సేకరించాడు.

ఆయన చేతిలో ఉన్న పనిముట్టు హంబర్జుమ్ లిమొంజియన్ 1810ల్లో రూపొందించిన ఆర్మేనియన్ స్వరలిపి. మన స రి గ మ లాగే దానికీ ఏడు పేర్లు: పో, ఎ, వె, బె, ఖో, నె, పా. గీతల మీద చుక్కలు పెట్టే పని లేదు కాబట్టి, పాడుతుండగానే వేగంగా రాసుకోవచ్చు. అలా సుమారు 3,000 పాటలు సేకరించాడు. ఒట్టోమన్ రాజ్యంలో ఆర్మేనియన్ల మారణకాండ మొదలైనప్పుడు, 1915 ఏప్రిల్ 24న ఆయన్ని కాన్‌స్టాంటినోపుల్‌లో (ఇప్పటి ఇస్తాంబుల్) అరెస్టు చేసి దూరంగా తరలించారు. తిరిగి వచ్చాడు గాని మనసు చెదిరిపోయింది, 1935లో పారిస్ దగ్గర ఆసుపత్రిలో పోయాడు. కాగితాలు చెల్లాచెదురయ్యాయి. మనకు మిగిలినవి దాదాపు 1,200.

ఆ పాటలు పాడిన పశ్చిమ ఆర్మేనియా ఊళ్ళే ఆ తరువాత లేవు. అందుకే రాతకు విలువ లేదనే మాట నా నోట రాదు. రాసినవాడు లేకపోతే ఈ రోజు వాదించుకోవడానికి కూడా ఏమీ ఉండేది కాదు. నా వాదన రాత దగ్గరే ఆగిపోవడం గురించి.

కొమితాస్ స్వయంగా ఈ సంగతి చెప్పాడు. కళ్ళం పాటను రైతు ఇంట్లో కూర్చుని పాడడు, ఆ పాట పుట్టేదీ పాడేదీ కళ్ళంలోనే అన్నది ఆయన గమనిక. లోరి ప్రాంతంలో వర్దబ్లూర్ ఊరి దుక్కి పాట మీద ఆయన రాసిన పరిశీలన చూడండి. గుతాన్ అనే పెద్ద నాగలికి ఎనిమిది పది జతల ఎద్దులూ గేదెలూ కట్టాలి, అన్ని పశువులు ఒక్క ఇంటికి ఉండవు, కాబట్టి ఊళ్ళో వాళ్ళు కలిసి దున్నుతారు. మేడి పట్టేవాడు మచ్‌కల్, కాడి మీద కూర్చుని పశువుల్ని తోలే కుర్రాళ్ళు హొతఘ్‌లు. పాటలో ఒకరు అందిస్తే మరొకరు అందుకుంటారు. నడుమ పశువులకు అదిలింపులు, పేర్లు పెట్టి పిలుపులు, బతిమాలడాలు. వరుస మొదలు, మలుపు, బరువైన నేల, ఇవన్నీ పాట నడకలో ఉంటాయి. ఇక్కడా ఒకడు పాడితే అది పాట కాదు.

ట్రాక్టర్ వచ్చాక గుతాన్ లేదు. మోటారు పంపు వచ్చాక మన మోట పాటలకు ఏమైందో దానికీ అదే అయింది. ఆ పాట గాయకులకు మిగిలింది. ఒక్కడు నిలబడి, చేయి చాపి, పియానోతో పాడతాడు. అదిలింపులు అలంకారాలయ్యాయి. గుతాన్ మళ్ళీ తెమ్మని నేను అనను, అది పిచ్చి మాట. హొతఘ్‌ల వంతును ఎవరైనా మళ్ళీ పాడమంటాను. ముగ్గురు నలుగురు కుర్రాళ్ళు చాలు.

వలయం ఎటు తిరిగి ఉంది

ఆశ కలిగించే ఉదాహరణ నాకు ఆటల్లోనే దొరికింది. ఆర్మేనియా పల్లె ఆటలు చాలావరకు వలయాలు, అర్ధ వలయాలు. చిటికెన వేళ్ళు కలుపుకునో, భుజాలు పట్టుకునో ఆడతారు, ముఖాలు లోపలికి. వేదిక మీద బృందం ఆడాలంటే వలయాన్ని విప్పి ప్రేక్షకుల వైపు తిప్పాలి. అడుగులు అవే ఉంటాయి, కానీ పక్కవాడి ముఖం కనబడదు. కాబట్టి అడుగు ఎప్పుడు మార్చాలో ముందే లెక్క కట్టుకోవాలి. ఇంతకుముందు చూసి, ఒత్తిడి తెలుసుకుని మారేవాళ్ళు.

యెరెవాన్‌లో గగిక్ గినోస్యన్ నడిపే కరిన్ బృందం దీన్ని తిరగేసింది. కాస్కేడ్ మెట్ల దగ్గర బహిరంగంగా ఆటలు నేర్పుతారు, వచ్చినవాళ్ళు వచ్చినట్టు చేరతారు, చూసేవాళ్ళకంటూ చోటుండదు. 2017లో యునెస్కో జాబితాకెక్కిన కోచారి అనే ఆటను అక్కడ ఎవరైనా నేర్చుకోవచ్చు. నగరం నడిబొడ్డున టీషర్టులు వేసుకుని ఆడేది జానపదమా అని అడిగితే, నాకు అభ్యంతరం లేదు. పక్కవాడి చేయి పట్టుకోకుండా ఆడే అవకాశం లేనంతవరకు అది జానపదమే.

ఇప్పటి తుర్కియేలోని వాన్ దగ్గరి షతాఖ్‌లో 1905లో పుట్టిన హైరిక్ మురాద్యన్ ఇలాంటి పనే పాటలతో చేశాడు. ఊరు పోయింది, పాటలు ఆయన గొంతులో మిగిలాయి. వాటిని రికార్డుల్లో పెట్టి ఊరుకోకుండా పిల్లలకు నేర్పాడు, గుంపుగా పాడించాడు.

డుడుక్ వాళ్ళకూ అలాంటి ఏర్పాట్లు కావాలి. పోటీల్లో ఒక్కరికి కాకుండా జంటకు మార్కులు వేయాలి, దమ్‌కష్‌కు విడిగా వేయాలి. కళాశాలలో మొదటి ఏడాది విద్యార్థి పెద్ద విద్యార్థికి దమ్ పట్టడం పరీక్షలో భాగం కావాలి. పారితోషికం, పేరు ఇద్దరికీ సమానంగా ఉండాలి. పాత కళాకారుల్ని రికార్డు చేసేటప్పుడు రెండు మైకులు పెట్టి దమ్‌ను విడి ట్రాకులో ఉంచాలి, అప్పుడే అది ఎక్కడెక్కడ కదిలిందో తరువాత తరం చదువుకోగలదు. పాట మొదలయ్యే ముందు పీకలు తడిపి శ్రుతి చూసుకునే పావుగంటను కూడా కెమెరా ఆపకుండా తీయాలి. చాలా రికార్డింగుల్లో కోసేసేది ఆ భాగాన్నే, నేర్చుకునేవాడికి అన్నిటికన్నా పనికొచ్చేదీ అదే.

ఇదంతా చదివి డుడుక్ వినాలనిపిస్తే వాచె హోవ్‌సెప్యన్ పాత రికార్డు ఒకటి వెతికి పెట్టుకోండి. ఇయర్‌ఫోన్లు తప్పనిసరి, ఫోను స్పీకరులో దమ్ సగం వినబడదు. మొదటిసారి పాటను వినండి. రెండోసారి పాటను వదిలేసి, కింద ఉన్న ఆ ఒక్క స్వరాన్ని పట్టుకుని చివరి దాకా వెళ్ళండి. అది ఎప్పుడు కదిలిందో ఆ చోట ఆపి, వెనక్కి జరిపి, పైన పాట ఏ స్వరం మీద ఆగిందో చూడండి.